వేళ్ళ సందుల్లో ఊరుగాయ

కార్తీకం వచ్చేసరికి గోదావరి శాంతిస్తుంది. వరద రోజుల్లో ఎర్రగా ఉరికిన నీళ్ళు తేటపడతాయి. లంకల అంచుల్లో ఇసుక తిన్నెలు పైకి తేలతాయి. ఇక ఆదివారం వస్తే చాలు, చాపలూ క్యారియర్లూ పట్టుకుని చుట్టాలూ స్నేహితులూ ఉసిరిచెట్టు నీడ వెతుక్కుంటూ వనభోజనాలకు బయలుదేరతారు. మా ఇంట్లోనూ అంతే. అక్కడికి వెళ్ళాక ప్రతి ఏడూ జరిగే గొడవ ఒకటుంది. పూజ పూర్తయ్యేదాకా పిల్లలు పులిహోర గిన్నె వైపు చూడకూడదని పెద్దల పట్టు. పిల్లలకేమో ఆకలి. కొన్నేళ్ళుగా నేను పిల్లల పక్షమే. నా తరఫు సాక్షి బమ్మెర పోతన.

భాగవతం దశమ స్కంధంలో యమున ఒడ్డున కృష్ణుడు చద్దన్నం తినే పద్యం చాలామందికి నోటికి వచ్చు.

"మీగడ పెరుగుతో మేళవించిన చల్దిముద్ద డాపలిచేత మొనయ నునిచి,
చెలరేగి కొసరి తెచ్చిన యూరుగాయలు వ్రేళ్ళసందులయందు వెలయ నిఱికి"

డాపలి చెయ్యి అంటే ఎడమ చెయ్యి. మనింట్లో పిల్లాడు ఎడమ చేత్తో ముద్ద పట్టుకుంటే ఊరుకుంటామా? వ్యాసుడి సంస్కృత మూలంలోనూ ఎడమ చెయ్యే. పోతన దాన్ని సర్దే ప్రయత్నం చెయ్యలేదు. పైగా ఊరుగాయలు వేళ్ళ సందుల్లో ఇరికించాడు. "కొసరి తెచ్చిన" అన్న మాట చూడండి. చాలదు, ఇంకొంచెం వెయ్యి అని అమ్మ దగ్గర మారాం చేసి తెచ్చుకున్నవన్న మాట. ఇంతా చేసి, పద్యం చివర ఆ పిల్లవాణ్ణి ఏమని పిలిచాడో తెలుసా? "యాగభోక్త కృష్ణుడు". అంటే యజ్ఞాల్లో అర్పించేది ఆరగించేవాడు. మంత్రం తప్పినా, మడి తప్పినా హవిస్సు అందదని మనం భయపడే దేవుడు స్నేహితుల మధ్య కూర్చుని, జోకులేసుకుంటూ చద్దన్నం తింటున్నాడు. "అమరులు వెఱగంద" అంటాడు కవి. దేవతలు నోరు తెరిచారంటే తెరవరా మరి!

అది అనుకోకుండా జరిగిన భోజనం కూడా కాదు. ఆ రోజు పొద్దున్నే వనంలో తిందామని కృష్ణుడే తలచుకుని, కొమ్ము ఊది స్నేహితుల్ని లేపాడు. సంస్కృతంలో ఆ మాట "వనాశం". మనం వనభోజనం అంటున్నది అదే. దారి పొడుగునా పిల్లలు ఒకరి చద్ది చిక్కాలు, అంటే అన్నం మోసుకెళ్ళే తాళ్ళ సంచులు, ఒకరు దొంగిలించి దూరంగా విసురుకున్నారు. బస్సులో వెనక సీట్ల అల్లరి ద్వాపర యుగం నుంచీ ఉన్నదే.

మధ్యలో అఘాసురుడు వచ్చాడు. ఆ రాక్షసుడు కొండచిలువ రూపంలో నోరు తెరుచుకుని పడుకుంటే, కొండ గుహ భలే ఉందనుకుని పిల్లలు నవ్వుకుంటూ లోపలికి నడిచారు. ఏటి ఒడ్డుకు వెళ్ళినప్పుడల్లా నాకీ ఘట్టం గుర్తొస్తుంది. ఇసుక తవ్వేసిన చోట పైన మోకాలి లోతు నీళ్ళే కనిపిస్తాయి, అడుగు పక్కన గొయ్యి ఉంటుంది. నవ్వుతూ దిగేవాళ్ళకు ఆ సంగతి తెలీదు. ఆ ఊరివాళ్ళను అడగకుండా రేవు దిగవద్దు. ఆ కథలో వెనకాలే వెళ్ళి కాపాడటానికి కృష్ణుడున్నాడు, మన పిల్లల వెనక ఉండాల్సింది మనమే.

ఆ గండం గడిచాక స్థలం ఎంచింది కూడా కృష్ణుడే. ఇసుక మెత్తగా శుభ్రంగా ఉంది, పొద్దెక్కింది, ఆకలేస్తోంది, ఇక్కడే తిందాం అన్నాడు. దూడలు ముందు నీళ్ళు తాగి మెల్లగా గడ్డి మేయాలన్నాడు. తర్వాత అందరూ ఆయన చుట్టూ తామర రేకుల్లా కూర్చున్నారు. కంచాలేవీ? పువ్వులు, ఆకులు, చిగుళ్ళు, చెట్టు బెరడు, రాళ్ళు. ఏది దొరికితే అందులో పెట్టుకు తిన్నారు. లేచి వెళ్ళాక ఆ తిన్నె మీద మిగిలిందేమిటో ఊహించుకోండి, మరునాటికి ఆవులకు మేత. మనం లేచాక మిగిలేది థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ళ సీసాలు. అరటి దొప్పలో దీపం వదిలిన నీళ్ళలోకే అవీ కొట్టుకుపోతాయి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణ ప్రశ్న నీళ్ళలో ఉమ్మివెయ్యవద్దంటుంది, మలమూత్రాలు విడవవద్దంటుంది, ఎందుకంటే ఆ నీళ్ళలో అగ్ని దాగి ఉన్నాడంటుంది. దీపం వెలిగించి మొక్కేదీ ఆ అగ్నికే కదా. మోదుగాకు విస్తరి తెచ్చుకుంటే ఏం పోయింది?

మళ్ళీ పద్యానికొద్దాం. పక్క పద్యంలో పిల్లల ఆటలున్నాయి. ఊరుగాయ తింటూ మాటిమాటికీ వేలు మడిచి ఊరించేవాడొకడు. పక్కవాడి కంచంలోది లాక్కుని గుటుక్కున మింగి, "చూడు, లేదు" అని నోరు తెరిచి చూపేవాడొకడు. అదిగో కృష్ణుణ్ణి చూడు అని మాయ చేసి ఎదుటివాడి పిండివంటలు లాగించేవాడొకడు. అందులో ఒకడి మాట మాత్రం వేరు: "ఇన్ని యుండగ బంచి యిడుట నెచ్చెలితనము". ఇన్ని ఉండగా పంచిపెట్టడమే స్నేహమట. ఇది పూజ తర్వాత వచ్చే భోజనం కాదు. నా లెక్కలో అదే నైవేద్యం, అదే ప్రసాదం.

కృష్ణుడి మహిమ ఇంకా చూడాలనిపించింది బ్రహ్మకు. మేతకు దూరం పోయిన దూడల్ని దాచేశాడు. "మీరు తినడం ఆపకండి, నేను తోలుకొస్తాను" అని చేతిలో ముద్దతోనే కృష్ణుడు లేచి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోగా పిల్లలూ మాయం. ఏడాది పాటు కృష్ణుడే ఆ దూడలై, ఆ పిల్లలై ఇంటింటా మసిలాడు. చివరికి బ్రహ్మ వచ్చి కాళ్ళ మీద పడి స్తోత్రం చేసినప్పుడు వర్ణించింది శంఖచక్రాలను కాదు. చేతిలో అన్నం ముద్ద, కర్ర, కొమ్ము, వేణువు.

బ్రహ్మ వెళ్ళిపోయాక కృష్ణుడు దూడల్ని తోలుకుని ఆ తిన్నె దగ్గరికే వచ్చాడు. పిల్లలకు ఏడాది గడిచిందని తెలీదు, అర క్షణమే అనుకున్నారు. అప్పుడే వచ్చేశావా అన్నారు. "నువ్వు లేకుండా ఒక్క ముద్ద కూడా తినలేదు. ఇలా రా, హాయిగా తిందువు గాని."