బల్ల మీద ఒక్క దెబ్బ

మన పదో తరగతి రీయూనియన్ సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. "నువ్వు రాయకపోతే ఆ పేజీ ఖాళీగానే వదిలి, కింద నీ పేరు వేస్తాం" అని మన గుమ్మడికాయ బెదిరించాక ఇక కూర్చున్నాను. అరకు పిక్నిక్ ఎవరో తీసేసుకున్నారట. కబడ్డీ ఫైనల్ కూడా అయిపోయిందట. మేడ మీద గంట సంగతి ఎవరూ రాయరు, నేనూ రాయను. నాకు మిగిలింది పదో తరగతి ఇంగ్లీషు పీరియడు.

నిజం చెప్పాలంటే ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం చదివానో నాకు గుర్తు లేదు. మార్గశిర గురువారాల్లో మన విశాఖ బురుజుపేట అమ్మవారి జనంలోంచి దూరి స్కూలుకి రావడం, పరికిణీ అంచుకి పసుపునీళ్ళు అంటుకోవడం, అంతే. పదో తరగతి మాత్రం ఏ రోజుకారోజు గుర్తుంది. అది మాస్టారి వల్లే. పేరు రాయక్కర్లేదు కదా. ఎర్ర సిరా మరక ఉన్న జేబు, సైకిల్ హ్యాండిల్‌కి వేలాడే గుడ్డసంచీ అంటే చాలు మీకు.

ముందు సొర కథ. 'ఆదివారం ఎలా గడిపాను' అని రాసుకు రమ్మన్నారు. అంతకుముందు వారమే హైఫన్ పాఠం అయింది. రెండు మాటలు కలిసి ఒకే విశేషణంగా నామవాచకం ముందు నిలబడితే మధ్యలో చిన్న గీత పెట్టాలని చెప్పారు. మనవాళ్ళు ఆ గీతని కూరలో ఉప్పులా చల్లేశారు. తర్వాత మనమంతా సొర అని పిలిచినవాడు రాసింది ఇది: 'ఎవ్రీ సండే యూ కెన్ సీ ఎ మ్యాన్-ఈటింగ్ షార్క్ ఇన్ అవర్ స్ట్రీట్'.

మాస్టారు నోట్సు పైకెత్తి అడిగారు. "ఏరా, మీ జాలారిపేటలో ప్రతి ఆదివారం మనుషుల్ని తినే సొర తిరుగుతోందా?"

"లేదండీ మాస్టారూ. మా నాన్నేనండీ. సొరపుట్టు తింతన్నాడండీ."

సొరపుట్టు అంటే సొరచేప పొడికూర. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. వాణ్ణి పిలిచి చేతికి సుద్దముక్క ఇచ్చి ఆ వాక్యం బోర్డు మీద రాయించారు. "గీత చెరుపు. ఇప్పుడు మీ నాన్న సొరని తింటున్నాడు. మళ్ళీ పెట్టు. ఇప్పుడు సొర మీ నాన్నని తింటోంది." వాడు కంగారుపడి చేత్తోనే ఆ గీత తుడిచేశాడు. వాడి అరచేతికి అంటిన సుద్ద నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆ రోజు నుంచి వాడి అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగిలింది.

అక్కడితో ఆగి ఉంటే ఆయన మన మాస్టారు ఎందుకవుతారు? పక్క గదికి వెళ్ళి తెలుగు పంతులుగారిని వెంటబెట్టుకొచ్చారు. పంతులుగారు బోర్డు చూసి, "ఇది మన సమాసమే కదయ్యా, నరభక్షకం" అన్నారు. నరుణ్ణి వేరుగా, భక్షకాన్ని వేరుగా రాస్తే అర్థం చెడిపోదూ అని అడిగారు. నేను రాసిన 'ఫైవ్-రూపీస్ నోట్' చూపిస్తే, "సంఖ్య ముందుంటే ద్విగువు" అన్నారు. అప్పుడు మాస్టారు నా తప్పు ఎక్కడుందో పట్టి చూపించారు. తెలుగులో మనం అయిదు రూపాయల నోటు అంటాం, అందులో 'ల' ఉంటుంది. ఇంగ్లీషు వాడు నోటు ముందు పెట్టేటప్పుడు ఆ బహువచనం తీసేసి 'ఫైవ్-రూపీ నోట్' అంటాడు. మా తమ్ముడు 'టెన్ ఇయర్స్ ఓల్డ్', కానీ వాడు 'ఎ టెన్-ఇయర్-ఓల్డ్ బాయ్'. అప్పటిదాకా ఎందుకు తప్పో తెలియకుండానే మార్కులు పోగొట్టుకుంటున్నాను. తప్పు తెలుగు వల్ల వచ్చిందని, తెలుగుతోనే దిద్దుకోవచ్చని ఇద్దరు మాస్టార్లు ఒకే బోర్డు ముందు నిలబడి చెప్పిన రోజు నాకు ఇంగ్లీషంటే భయం పోయింది.

తర్వాత మొదలైంది హాజరు. 'ప్రెజెంట్ సార్' అనకూడదు. నిన్న చూసినదో విన్నదో ఒక్క వాక్యంలో చెప్పాలి, అందులో హైఫన్ విశేషణం ఒకటి ఉండాలి. హైఫన్ నోటికి వినబడదు కాబట్టి, అది వచ్చిన చోట బల్ల మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టాలి. 'మై ఫాదర్ బాట్ ఎ సెకండ్, దెబ్బ, హ్యాండ్ సైకిల్ ఇన్ కురుపాం మార్కెట్.' 'ఐ కేమ్ ఇన్ ఎ హాఫ్, దెబ్బ, ఎంప్టీ బస్.' మొదటి బెంచి నుంచి చివరిదాకా టక్, టక్, టక్. దెబ్బ పడకూడని చోట కొడితే మళ్ళీ మొదటినుంచి. 'వెల్-నోన్ డాక్టర్' అంటే కొట్టాలి, 'ద డాక్టర్ ఈజ్ వెల్ నోన్' అంటే కొట్టకూడదు. నామవాచకం వెనక పడ్డాక ఆ రెండు మాటలనీ ఎవరూ పొరబడరు, ఇక గీతతో పని లేదు. 'హైలీ పెయిడ్ ఆఫీసర్' దగ్గరా దెబ్బ లేదు. 'లీ' అన్న తోకే తన పక్క మాటని పట్టుకుని ఉంటుంది, మళ్ళీ తాడు ఎందుకు అనేవారు. మూడో బెంచి వాళ్ళు ఇక్కడ ఎన్నిసార్లు పడ్డారో వాళ్ళే రాసుకోవాలి.

ఆయన చెప్పిన ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది మన ఊరిదే. 1948లో మన షిప్‌యార్డులో నెహ్రూగారు నీళ్ళలోకి దింపిన 'జల ఉష' ఎనిమిది వేల టన్నుల ఓడ. 'యాన్ ఎయిట్-థౌజండ్-టన్ షిప్'. రెండు దెబ్బలు, టన్నుకి 'స్' లేదు. అప్పుడు కిటికీలోంచి పోర్టు సైరన్ వినబడింది. అది అదే రోజో మరో రోజో, నాకు మాత్రం రెండూ కలిసే గుర్తున్నాయి.

మా నాన్న ఆ పోర్టులోనే కళాసీ. తను మోసే పెట్టెల మీద ఏం రాసుందో ఆయన చదవలేకపోయేవారు. నేను ముప్ఫై ఏళ్ళుగా రొయ్యల ఎగుమతిలో పెట్టెల మీద ఏం రాయాలో చూసే పని చేస్తున్నాను. టైపిస్టుగా చేరాను, ఇప్పుడు మూడు ప్లాంట్ల కాగితాలు నా సంతకం లేకుండా కదలవు. 'హెడ్-ఆన్', 'షెల్-ఆన్', 'టెయిల్-ఆన్' అన్నీ మాస్టారి మాటలే. తల ఉన్న రొయ్య, పొట్టు ఉన్న రొయ్య, తోక ఉంచి ఒలిచిన రొయ్య.

చేరిన మూడో ఏడు ఒక ఫ్యాక్స్ వచ్చింది. శాంపిల్ ఆర్డరు, 'ట్వెంటీ ఫైవ్ పౌండ్ బాక్సెస్'. ఎక్కడా గీత లేదు. ప్యాకింగ్ హాల్లో అప్పటికే పెద్ద పెట్టెలు దింపించేశారు, ఒక్కోటి పాతిక పౌండ్లని. నేను ఆ కాగితం టేబుల్ మీద పెట్టుకుని చదివాను, వేలు దానంతట అదే కదిలింది. ఫైవ్ తర్వాత కొడితే ఇరవై పెట్టెలు, ఒక్కోటి అయిదు పౌండ్లు. ట్వెంటీ తర్వాత కూడా కొడితే పాతిక పౌండ్ల పెట్టెలు, ఎన్నో తెలియదు. మేనేజరుగారికి చెప్పి ఒక ఫ్యాక్స్ పంపించాను. గీత ఎక్కడ అని అడగలేదు, ఎన్ని పెట్టెలు, ఒక్కోటి ఎంత అని మాత్రమే అడిగాను. తెల్లారేసరికి జవాబు: ఇరవై పెట్టెలు, అయిదేసి పౌండ్లు. మేనేజరుగారు ఎవరు నేర్పారమ్మా అని అడిగితే మన స్కూలు పేరు చెప్పాను. ఆ సాయంత్రం నాన్నకి మిఠాయి తీసుకెళ్ళాను. ఎందుకో ఆయనకి పూర్తిగా అర్థం కాలేదు, కానీ వీధిలో అందరికీ పంచారు.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి నేనే నేర్పుతున్నాను. సొరపుట్టు కథతోనే మొదలుపెడతాను. సొరా, నీ అనుమతి అడగలేదు, కానీ నీ పేరు ఎక్కడా చెప్పలేదు.

కమిటీ వాళ్ళకో మాట. మీరు పంపిన ఆహ్వానపత్రిక నమూనా చూశాను. పైన 'లాంగ్ అవెయిటెడ్ రీయూనియన్' అని వేశారు, మొదటి రెండు మాటల మధ్య గీత పెట్టాను. కింద 'అవర్ టీచర్ ఈజ్ వెల్-నోన్ టు ఆల్' అన్న చోట ఉన్న గీత కొట్టేశాను. మాస్టారు ఎనభై దాటినా వస్తానన్నారట. మొదటి కార్డు ఆయన చేతికే వెళ్తుంది. ప్రెస్సుకి ఇచ్చేముందు ఆ రెండూ సరిచూడు, గుమ్మడికాయా.