మైనస్ ఏడు పవర్, ఆన్‌లైన్ కళ్లజోడు

నా కుడి కంటికి మైనస్ 6.50, ఎడమ కంటికి మైనస్ 7.25. ఆరో తరగతిలో సైట్ వచ్చింది. అప్పట్నుంచి ఇంటర్ అయ్యేదాకా క్లాసులో నన్ను సోడాబుడ్డి అనే పిలిచారు. ఇప్పుడు నా కళ్లజోళ్లు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటున్నానంటే ఆఫీసులో అందరూ అడిగేది ఒకటే: "పెట్టుకుని చూసుకోకుండా ఎలా కొంటావే?"

అసలు షాపులో పెట్టుకుని చూసుకునే భాగ్యం మాలాంటివాళ్లకి ఎప్పుడుంది? కొత్త ఫ్రేమ్ పెట్టుకోవాలంటే ఉన్న జోడు తీసెయ్యాలి. తీసేస్తే అద్దంలో నా ముఖం ఓ మసక. షాపతను "సూపర్‌గా ఉంది మేడం" అంటాడు, పక్కనున్న మా ఆయన తలూపుతారు, బిల్లు కట్టేస్తాం. నలభై ఏళ్లు వచ్చేదాకా నా ఫ్రేములన్నీ ఇతరుల అభిరుచే. ఫోన్‌లో అయితే ముఖం మీద ఫ్రేమ్ పెట్టి చూపించే బొమ్మని సేవ్ చేసుకుని, నా పాత జోడు పెట్టుకుని, తీరిగ్గా కాఫీ తాగుతూ చూసుకోవచ్చు. అయితే ఆ బొమ్మలో కనిపించేది ఫ్రేమే, నా పవర్ అద్దం కాదు. మైనస్ అద్దం వెనక కళ్లు చిన్నగా కనిపిస్తాయి, అంచుల దగ్గర కణతలు లోపలికి జరిగినట్టుంటాయి. అవేవీ అందులో రావు.

అందుకే నేను ముందు ఫొటో చూడను, అంకెలు చూస్తాను. మీ జోడు చెవి మీదకి వెళ్లే కాడ లోపలి వైపు తిప్పి చూడండి, 48-20-140 లాంటిదేదో ఉంటుంది. ఒక అద్దం వెడల్పు, ముక్కు మీద వంతెన, కాడ పొడవు, మూడూ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కూడితే 68, అంటే ఫ్రేమ్‌లో రెండు అద్దాల మధ్యబిందువుల దూరం. నా కంటిపాపల మధ్య దూరం, అంటే షాపుల్లో పీడీ అనేది, 60. తేడా 8, ఒక్కో కంటికి 4. అంటే ఒక్కో అద్దం నడిబొడ్డుని 4 మిల్లీమీటర్లు ముక్కు వైపు జరిపి కోయాలి. అదే 54-18 ఫ్రేమ్ అయితే 6 జరపాలి. మైనస్ అద్దం మధ్యలో పల్చగా, అంచుకి పోయేకొద్దీ మందంగా ఉంటుంది. ఎంత జరిపితే చెవి వైపు అంచు అంత లావు. నాలాంటివాళ్లు వేలు పోసి 1.67 ఇండెక్స్ అద్దాలు (అంకె ఎక్కువైతే అదే పవర్‌కి అద్దం పల్చన) కొని, వాటిని ముఖమంత ఫ్రేములో బిగించుకుంటే ఆ డబ్బు సగం దండగ. ముందు చిన్న, గుండ్రటి ఫ్రేమ్. ఇండెక్స్ సంగతి ఆ తర్వాత.

పీడీ దగ్గరే అసలు కథంతా. కంటి డాక్టరు ఇచ్చే చీటీలో స్ఫియర్ (అసలు పవర్), సిలిండర్ (ఒక దిక్కున అదనంగా కావాల్సిన పవర్), యాక్సిస్ (ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో) అన్నీ ఉంటాయి, ఇది మాత్రం చాలాసార్లు ఉండదు. పరీక్ష చేసేవాళ్లని అక్కడే అడిగితే కొలిచి రాసిస్తారు, ఒక్క నిమిషం పని. తర్వాత ఫోన్ చేసి అడగడం కంటే అదే నయం. నేను మొదటిసారి కొన్న వెబ్‌సైట్ పీడీ అసలు అడగలేదు, అడిగే గడి కూడా లేదు. జోడు వచ్చింది, అంకెలన్నీ చీటీలో ఉన్నట్టే ఉన్నాయి. కానీ సాయంత్రమయ్యేసరికి కళ్లు లాగేసేవి, కనుబొమల మధ్య ఒకటే నొప్పి. మా మెయిన్ రోడ్డులో కళ్లద్దాల షాపాయన అద్దం పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి చూసి చెప్పాడు: అద్దాల నడిబొడ్డులు 64 దగ్గర ఉన్నాయమ్మా, అందరికీ సరిపోతుందని ఏదో సగటు వేసేశారు, అని. మైనస్ ఒకటి ఉన్నవాళ్లకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. పవర్ ఏడింతలైతే ఆ లాగుడూ ఏడింతలే. ఆ వెబ్‌సైట్ వాళ్లు నాలుగు మెయిళ్ల తర్వాత డబ్బు వెనక్కిచ్చారు, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను కొనే చోట పీడీ రాసే గడి ఉంది. కొన్ని యాప్‌లు నుదుటి మీద బ్యాంకు కార్డు ఆనించి ఫొటో దిగమంటాయి. అందులో మాయ ఏమీ లేదు. ఏ బ్యాంకు కార్డైనా వెడల్పు 85.6 మిల్లీమీటర్లే, దాన్ని స్కేలుగా పెట్టుకుని కళ్ల దూరం లెక్కేస్తాయి. నేను గడువైపోయిన పాత డెబిట్ కార్డు వాడాను. వాడుతున్న కార్డుతో ఎవరు ఫొటో దిగుతారండీ?

పవర్ ఎక్కించేటప్పుడు కొన్ని సైట్లలో ప్లస్ మైనస్‌లు వేరే వేరే మెనూల్లో ఉంటాయి, చూసి ఎంచుకోండి. చీటీ ఫొటో కూడా పెట్టెయ్యండి, నిర్ధారణకి ఫోన్ వస్తే అంకెలు వాళ్లచేతే చదివించండి. నా యాక్సిస్ 170. అందులో సున్నా ఎగిరిపోతే అది 17, అదీ ఒప్పుకునే అంకే కాబట్టి ఏ కంప్యూటరూ తప్పు పట్టదు.

ఆఖర్లో బ్లూ కట్, అంటే నీలి వెలుగుని ఆపే అద్దం, తగిలిస్తారు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి తప్పనిసరి అన్నట్టు చెబుతారు. 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థది), మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి కళ్ల అలసటని తగ్గించకపోవచ్చనే తేల్చింది. నేను తీసుకోను. గీతలు పడని కోటింగ్, వెలుగు తిప్పికొట్టని కోటింగ్ మాత్రం తీసుకుంటాను, రాత్రి స్కూటీ మీద ఎదురు లైట్లకి రెండోది నిజంగా పనిచేస్తుంది.

జోడు రాగానే ఆ షాపాయన దగ్గరికే పట్టుకెళ్తాను. పవర్ చూసి, ముక్కు మీద ప్యాడ్లు సర్ది ఇస్తాడు. యాభై రూపాయలు ఇస్తానంటే తీసుకోడు కానీ, "మా దగ్గరే కొనొచ్చు కదమ్మా" అని మాత్రం అంటాడు. న్యాయమైన మాటే. అందుకే మా ఆయనకి చత్వారం వచ్చి ప్రోగ్రెసివ్ రాస్తే అక్కడే చేయించాం. ఒకే అద్దంలో పైన దూరం, కింద దగ్గర, మధ్యలో నడిమి చూపు. కంటిపాప ఎంత ఎత్తులో వస్తుందో ఆ ఫ్రేమ్ ముఖం మీద ఉండగానే చూడాలి. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, డమ్మీ అద్దం మీద మార్కర్‌తో చుక్క పెట్టి మరీ కొలిచాడు. ఆ పని ఫోన్‌లో అవుతుందంటే నేను నమ్మను. ధర నా రెండు జోళ్లంత అయింది. కొత్తలో ఆయన మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే దిగేవారు, ఎంత బాగా కొలిచినా అదొక అలవాటు కావాలట.

మా అబ్బాయికి మైనస్ 1.25. కళ్లలో చుక్కలు వేసి చేసే పరీక్ష ఆసుపత్రిలోనే చేయించాను, అది ఆన్‌లైన్‌లో అయ్యేది కాదు. జోడు మాత్రం తెప్పించాను, ఎలాగూ ఏడాదికి పవర్ మారుతోంది. క్రికెట్ ఆడతాడు కాబట్టి దెబ్బకి సులువుగా పగలని పాలీకార్బొనేట్. రంగు వాడే ఎంచుకున్నాడు, చిలకపచ్చ. షాపులో అయితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఆర్డర్ పెట్టేశాకే నాకు చూపించాడు.