జెర్సీ ఉతికిన శనివారం

ఏప్రిల్ 12, 2025. నాక్స్‌విల్, అమెరికా.

మిషన్‌లో వేస్తే నంబరు ఊడిపోతోందని పొద్దున్నే పాప జెర్సీ సింకు దగ్గర నిలబడి చేత్తోనే ఉతికాను. 12లో రెండు అంకె అంచు అప్పటికే లేచి ముడుచుకుపోయింది. మెడ పట్టీ మీద చెమట ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. సబ్బు రాసి రుద్దుతుంటే ఫోన్ మోగింది. బడి నుంచి ఈమెయిల్. అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీముకి వచ్చే ఏడాది కొత్త కోచ్ వస్తారని, ఇప్పటి కోచ్‌కి కృతజ్ఞతలని. మొత్తం మూడు వాక్యాలు.

చేతులు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఆవిడ వచ్చి రెండేళ్ళే అయింది. మొదటి ఏడాది టీము నాలుగు మ్యాచ్‌లు గెలిచింది, ఈ ఏడాది తొమ్మిది. మా పాప ఎడమ చేత్తో డ్రిబుల్ చెయ్యడం నేర్చుకుంది ఆవిడ దగ్గరే.

అమ్మ కాఫీ కలుపుతూ "ఏమయిందే, మొహం అలా పెట్టావు?" అంది. చెప్పాను.

"ఓడిపోతే తీసేస్తారా? మరి పిల్లలు ఫెయిలైతే లెక్కల మాస్టార్ని తీసేస్తారా?"

అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ బళ్ళో పాఠాలు చెప్పింది. తనకి ఈ పద్ధతి అర్థం కాదు. నాకు అర్థమవుతుంది కానీ మింగుడు పడదు.

ఈ ఊళ్ళో ఉంటూ జెర్సీ ఉతుకుతుంటే పాట్ సమ్మిట్ గుర్తు రాకుండా ఉండరు. 1974లో, 22 ఏళ్ళకే ఇక్కడి టెన్నెసీ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్ అయ్యారు. జీతం నెలకి 250 డాలర్లు. జట్టు బట్టలు ఆవిడే ఉతికేవారు, వేరే ఊళ్ళకి వ్యాను ఆవిడే నడిపేవారు. మొదటి మ్యాచ్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత 38 సీజన్లలో 1,098 విజయాలు, ఎనిమిది జాతీయ టైటిళ్ళు. ఆవిడ దగ్గర పూర్తి కాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తి చేసింది. నాకు ఎనిమిది టైటిళ్ళ కన్నా ఈ మాటే ఎక్కువ.

పాపకి బళ్ళో ఓపెన్ జిమ్ ప్రాక్టీసు పదకొండింటికి. దింపేసి అమ్మని మహిళా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తీసుకెళ్ళాను. బయట 30 అడుగుల బంతి ఉంటుంది, పది టన్నుల బరువు. అమ్మ మెడ వెనక్కి వాల్చి చూసి, "మన వాటర్ ట్యాంకంత ఉందే" అంది. అక్కణ్ణుంచి సమ్మిట్ విగ్రహం దగ్గరికి వెళ్ళాం. అమ్మ చెప్పులు విప్పబోతే, అక్కర్లేదమ్మా అన్నాను. అయినా విప్పింది.

విగ్రహం పక్కన కూర్చుని, ఆవిడ తర్వాత ఏమైందో అమ్మకి చెప్పాను. 2011లో మతిమరుపు జబ్బు బయటపడింది, 2012లో తప్పుకున్నారు. ఆ కుర్చీలోకి హాలీ వార్లిక్ వచ్చారు. ఇక్కడే ఆడి, సమ్మిట్ పక్కన 27 ఏళ్ళు సహాయ కోచ్‌గా కూర్చున్న మనిషి. ఏడు సీజన్లలో 172 గెలిచి 67 ఓడారు. 2019లో తీసేశారు.

ఆ తర్వాత కెల్లీ హార్పర్. ఈవిడ కథ చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది. 1996, 97, 98లో వరసగా మూడు టైటిళ్ళు గెలిచిన టెన్నెసీ జట్టులో ఆడినావిడ. అందులో 97 జట్టు పది మ్యాచ్‌లు ఓడి కూడా టైటిల్ కొట్టింది. కోచ్ అయ్యాక 2009లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళారు. అక్కడ ముప్ఫై ఏళ్ళకి పైగా కోచ్‌గా ఉండి, క్యాన్సర్‌తో పోరాడుతూనే బెంచి మీద కూర్చున్న కే యో ఆ జనవరిలోనే పోయారు. ఆ లోటులోకి అడుగు పెట్టారు హార్పర్. నాలుగేళ్ళకి తీసేశారు. మిస్సోరి స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళి ఆరేళ్ళు కష్టపడి 2019లో ఆ జట్టుని దేశంలో చివరి పదహారులోకి తీసుకెళ్ళారు. అప్పుడు సొంత యూనివర్సిటీ పిలిచింది. వచ్చారు. ఐదు సీజన్లు, 108 విజయాలు, 52 ఓటములు. కోవిడ్ వల్ల కాలేజీల జాతీయ టోర్నీ జరగని ఏడాది పోగా, మిగతా నాలుగేళ్ళూ జట్టు టోర్నీలో ఆడింది, రెండుసార్లు చివరి పదహారులో ఉంది. 2024 ఏప్రిల్ 1న తీసేశారు.

"నూట ఎనిమిది గెలిచినావిడనా?" అంది అమ్మ. "మరి ఎన్ని గెలవాలి?"

ఎన్నని చెప్పను? కొలబద్ద అంకెల్లో ఉంటే గదా. ఇక్కడి వాళ్ళు ఏ కోచ్‌ని చూసినా వెనకాల ఈ కంచు విగ్రహమే కనిపిస్తుంది. అమ్మ కాసేపు నది వైపు చూసి, "వంటకి పేరు మోసిన అత్తగారింటికి కోడలిగా వెళ్ళినట్టు" అంది. "ఎంత బాగా వండినా, 'మా అమ్మయితేనా' అంటారు." ఇన్నేళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు.

హార్పర్ పోయిన నెలలో మిస్సోరి యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్ళారని చెబితే అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇక్కడ ఆవిడ స్థానంలో వచ్చిన కిమ్ కాల్డ్‌వెల్‌కి ఈ జనవరి 20న బాబు పుట్టాడు. ఒక్క మ్యాచ్ వదిలి, వారానికల్లా మళ్ళీ కోర్టు పక్కన నిలబడ్డారు. "బాలింత! చెవుల్లో దూదైనా పెట్టుకుందో లేదో" అని అమ్మ బెంగ. నేనేం మాట్లాడలేదు. పాప పుట్టిన ఆరో వారానికే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను నేను, కాంట్రాక్టు పోతుందని. అప్పుడు అమ్మ తెనాలిలో ఉంది, తనకి ఇప్పటికీ తెలియదు.

నా డైరీ వెనక పేజీలో ముగ్గురు కాలేజీ కోచ్‌ల మొదటి సీజన్ లెక్కలు రాసిపెట్టుకున్నాను. మా పాప టీము ఓడిన రోజుల్లో తీసి చూసుకుంటాను. జీనో ఆరియెమ్మా, కనెటికట్, మొదటి సీజన్ 1985-86: 12 గెలుపు, 15 ఓటమి. తారా వాన్‌డెర్‌వీర్, స్టాన్‌ఫర్డ్, అదే ఏడాది: 13 గెలుపు, 15 ఓటమి. డాన్ స్టేలీ, సౌత్ కరోలినా, 2008-09: 10 గెలుపు, 18 ఓటమి. ముగ్గురూ గెలిచిన దానికన్నా ఓడిందే ఎక్కువ. వాన్‌డెర్‌వీర్ 1,216 విజయాలతో, మూడు టైటిళ్ళతో పోయినేడు రిటైరయ్యారు. ఆరియెమ్మా ఆ లెక్క దాటేసి, మొన్న ఆదివారమే పన్నెండో టైటిల్ గెలిచారు. ఆయన చేతిలో ఓడింది స్టేలీ జట్టే. ఆవిడకి ఇప్పటికే మూడున్నాయి, అందులో నిరుటిది 38 మ్యాచ్‌లకి 38 గెలిచి.

వాళ్ళు గొప్పవాళ్ళే, కాదనను. కానీ ఆ మొదటి ఏడాది చివర ఏదో ఆఫీసులో ఎవరో, "ఉండనిద్దాం" అని ఉంటారు గదా. ఆ మాట కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. ఇప్పుడు ఇంకా తక్కువ దొరుకుతోంది. డబ్బు వచ్చింది, మంచిదే. 2024 అమ్మాయిల కాలేజీ ఫైనల్‌ని అమెరికాలో 1 కోటి 89 లక్షల మంది చూశారు, మగపిల్లల ఫైనల్ కన్నా ఎక్కువ. స్టేలీకి జనవరిలో ఏడాదికి 40 లక్షల డాలర్లతో మొదలయ్యే కొత్త కాంట్రాక్టు ఇచ్చారు. 250 డాలర్ల నుంచి ఇంత దూరం రావడం చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. కానీ అంత డబ్బు పెట్టినవాళ్ళు ఫలితం కూడా వెంటనే కావాలంటారు. ఆడే పిల్లలకీ ఇప్పుడు ఏ ఏటికా ఏడు కాలేజీ మారే వీలుంది. ఒక్క సీజన్ బాగోకపోతే కోచ్‌కి టీమే మిగలదు. నాలుగేళ్ళు ఓపిక పట్టి ఒక పిల్లని తయారు చేసే తీరిక ఎవరికి ఉంటుంది?

ఒంటిగంటకి జిమ్‌కి వెళ్ళేసరికి పిల్లలు వెళ్ళిపోతున్నారు. కోచ్ ఒక్కరే బంతులన్నీ ఏరి బండిలో పెడుతున్నారు. మా పాపని పిలిచి ఒక బంతి ఇచ్చి, "కళ్ళు కిందకి వద్దు, నా వైపు చూడు" అంటూ ఎడమ చేత్తో ఆ చివరి దాకా నడిపించారు. తర్వాత వెనక్కి. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఏదో చెబుదామని వెళ్ళాను. థాంక్యూ తప్ప మాట రాలేదు.

కార్లో పాపకి నా మూడు లెక్కలూ చెప్పాను. కాసేపు కిటికీ లోంచి చూసి, "స్టేలీ రెండో ఏడాది?" అంది.

"14 గెలుపు, 15 ఓటమి."

"మూడో ఏడాది ఇచ్చారా?"

"ఇచ్చారు. నాలుగో ఏడాది టోర్నీకి వెళ్ళారు."

ఇంటికొచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

మధ్యాహ్నం నుంచి నాకు, మాకు ఆటలు నేర్పిన పీడీ మేడమే గుర్తొస్తున్నారు. గుంటూరు జిల్లాలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ప్రతి జూన్‌లో రెన్యువల్ ఆర్డర్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగేవారు. సెలక్షన్స్‌కి బస్సు చార్జీలు తనే పెట్టుకుని, అరటిపళ్ళు, గ్లూకోజు పొడి కొని తీసుకెళ్ళేవారు. నా చివరి ఏడాది జోనల్స్ గెలిచాం. తర్వాతి జూన్‌లో మేడంకి ఆర్డర్ రాలేదు. మాకు ఆగస్టులో తెలిసింది.

రాత్రి తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె నొక్కితే రెండు అంకె కాస్త అంటుకుంది. పది దాటాక, అక్కడ ఏడున్నర అయి ఉంటుందని మేడంకి ఫోన్ చేశాను. ఆరేళ్ళవుతోంది మాట్లాడి. "ఏ బ్యాచ్ అమ్మా?" అన్నారు. జోనల్స్ గెలిచిన బ్యాచ్ అంటే వెంటనే పేరు పెట్టి పిలిచారు. పొద్దుటి సంగతంతా చెప్పి, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగేశాను. "ఆర్డర్ రాదని మీకు ముందే తెలుసా మేడం?"

"డిసెంబర్‌లోనే చెప్పారు."

"మరి మాతో అనలేదే?"

"జనవరిలో జోనల్స్ పెట్టుకుని మీతో ఎలా చెబుతానమ్మా? మీరు ఆడొద్దూ?" అన్నారు. వెనక ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. ఆగమని చెప్పి, స్టవ్ ఆపి వచ్చి, "ఇంతకీ మీ పాప ఏ పొజిషన్?" అని అడిగారు.