నూటపదకొండు గజాల గడ్డి

మా పెరట్లో జామచెట్టు మొదట్లో బెరడు లేదు. నేల నుంచి బెత్తెడు ఎత్తున, ముప్పావు వంతు చుట్టూ కడియం తొడిగినట్టు లోపలి తెల్లటి చెక్క బయటపడింది. నెలకోసారి వచ్చే తోటమాలి పెట్రోలు యంత్రాన్ని భుజాన తగిలించుకుని గడ్డి కొట్టేవాడు. చివర నైలాన్ దారం గిర్రున తిరిగే రకం. గడ్డిపోచకూ చెట్టు బెరడుకూ ఆ దారానికి తేడా ఏం తెలుస్తుంది? ఒక పక్క నాలుగు వేళ్ల వెడల్పు బెరడు మిగిలింది కాబట్టి చెట్టు బతికింది.

మా నాన్న నాటిన చెట్టు. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంత పెరడు పెట్టుకుని గడ్డి కోసుకునే పనిముట్టు ఒక్కటి కొనలేవా నాయనా?" అంది. అలా మొదలైంది.

మా ఇల్లు సికింద్రాబాద్ సైనిక్‌పురిలో. గడ్డి ఉన్న మేర టేపు పెట్టి కొలిస్తే 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. వెయ్యి చదరపు అడుగులు, అంటే 111 గజాలు. అందులో ఒక జామ, ఒక మామిడి, రెండు కరివేపాకు మొక్కలు, బట్టలారేసే రెండు ఇనుప స్తంభాలు. పన్నెండేళ్ల క్రితం నర్సరీ వాళ్లు మెక్సికన్ గడ్డి అని పరిచారు. ఇప్పుడు చూస్తే ముప్పావు వంతు గరికే. ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది, ఎండకు మాడింది అనుకుంటే జూన్‌లో రెండు వానలకే మోకాలి దాకా లేచింది.

సంగతి తెలిసి పక్కింటి కర్నల్ గారు తన షెడ్డులోంచి తోపుడు యంత్రం ఒకటి దొర్లించుకొచ్చారు. "తీసుకో బాబూ, దీనికి పెట్రోలూ వద్దు, కరెంటూ వద్దు." రెండు చక్రాల మధ్య మెలి తిరిగిన బ్లేడ్ల సిలిండరు, కింద ఒక కదలని పట్టీ. తోస్తుంటే ఆ రెండింటి మధ్య పడిన గడ్డి కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. ఈ పద్ధతి కనిపెట్టింది ఇంగ్లండులో స్ట్రౌడ్ అనే ఊరి దగ్గర ఉండే ఎడ్విన్ బడ్డింగ్. ఉన్ని బట్టల మీద లేచిన నూగును కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, నేలను కూడా ఇలాగే నున్నగా చేయవచ్చు కదా అనుకున్నాడట. 1830లో పేటెంటు తీసుకున్నాడు. బట్టకు చేసే పని గడ్డికి చేయాలని తోచడమే నాకు ముచ్చటగా అనిపించింది.

కానీ ముచ్చట పది అడుగులు సాగలేదు. ఈ రకం యంత్రం పొట్టి గడ్డికి రాజు. వారానికి రెండుసార్లు కోసేవాడి ఇంట్లో అంత శుభ్రంగా కోసేది మరొకటి లేదు. మోకాలెత్తు గరిక మాత్రం దాని ముందు వంగి, చక్రాల కిందికి పోయి, యంత్రం దాటగానే మళ్లీ లేచి నిలబడింది. మిగిలిన మెక్సికన్ గడ్డి బిరుసు, తోయడానికి భుజాలు చాలలేదు. చిటికెన వేలంత జామపుల్ల ఒకటి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటే చక్రాలు బిగుసుకుపోయి పిడి నా పొట్టలో గుద్దుకుంది. మా పెరట్లో పుల్ల రాలని రోజు లేదు. తుడిచి, నూనె రాసి, కర్నల్ గారికి అప్పగించాను.

ఆదివారం కాకుండా చూసి మా ఆవిడా నేనూ రాణిగంజ్ వెళ్లాం. పంపులు, మోటార్లు, జనరేటర్లు అమ్మే ఆ వరుసలో ఒక దుకాణదారు చాలా మంచి ప్రశ్నలు అడిగాడు. "ఎన్ని గజాలు సార్?" అని అందరూ అడుగుతారు. ఈయన "చెట్లు ఎన్ని? రాళ్లున్నాయా? ప్లగ్గు ఎంత దూరం? తోసేది ఎవరు?" అన్నాడు. ఆ నాలుగో ప్రశ్న నేను అసలు ఆలోచించలేదు.

నా మనసు పెట్రోలు యంత్రం మీద ఉంది. 46 సెంటీమీటర్ల వెడల్పు, ఎర్రటి రంగు, చూడగానే ఎవరికైనా కొనబుద్ధేస్తుంది. మా ఆవిడ ముందుకొచ్చి ఇంజను స్టార్ట్ చేసే తాడు పట్టుకుని లాగింది. ఒకసారి, రెండుసార్లు. "గట్టిగా లాగండమ్మా, ఒక్క ఊపులో," అన్నాడు దుకాణం కుర్రాడు. మూడోసారి లాగి భుజం పట్టుకుని, "ఇది కొంటే కోసేది మీరే," అని నాకు తీర్పు చెప్పింది.

తాడు ఒక్కటే అయితే సర్దుకునేవాళ్లం. మాకు కోత పని జూన్ నుంచి నవంబరు దాకానే. మిగతా నెలల్లో ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ప్రతి ఏడూ ఖాళీ చేసి పెట్టాలి, నూనె మార్చాలి. మా ఇంట్లో స్కూటరు సర్వీసే నెలలు వాయిదా పడుతుంది. బ్యాటరీ యంత్రం అన్నిటికన్నా హాయిగా అనిపించింది కానీ, నాలుగైదేళ్లకు బ్యాటరీ పోతే కొత్తది ఎంతో విన్నాక ఆ మాట వదిలేశాం.

వెడల్పు గురించి నేను ఇంకా పట్టుబడుతుంటే దుకాణదారు లెక్క వేసి చూపించాడు. 32 సెంటీమీటర్ల యంత్రంతో వరుస మీద వరుస కాస్త ఎక్కేలా కోస్తే ఒక్కో వరుస అడుగు పడుతుంది. ఇరవై అయిదు వరుసలు, ఒక్కోటి 40 అడుగులు. మొత్తం వెయ్యి అడుగులు, మూడు వందల మీటర్ల నడక. పెద్ద యంత్రం కొన్నా ఆ నడకలో తగ్గేది వంద మీటర్లు కూడా ఉండదు. "కరివేపాకు మొక్కల మధ్య అది దూరుతుందా సార్?" దూరదు. 1600 వాట్ల కరెంటు యంత్రం, ఒకే బ్లేడు అడ్డంగా తిరిగే రకం, 32 సెంటీమీటర్లది తీసుకున్నాం.

అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. 1600 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్లు. వరండాలో ఉన్నది ఫోను ఛార్జింగు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్టు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 16 ఆంపియర్ల పాయింటు, దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టించాం. వైరు ఎక్కడైనా తెగి కరెంటు నేలకు పారితే క్షణంలో ఆపేది అదే. ఇంట్లో ఉన్న సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన పడేసి మందపాటి రబ్బరు వైరు కొన్నాను. వైరును చుట్టలా ఉంచి వాడకూడదని, మొత్తం విప్పాలని, లేకపోతే చుట్ట లోపల వేడెక్కుతుందని ఎలక్ట్రీషియన్ రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

మొదటి రోజు గోడ దగ్గర మొదలుపెట్టి ఇంటి వైపు వచ్చాను. తప్పు అదే. ప్రతి మలుపులో వైరు యంత్రానికి ముందు, కోయని గడ్డిలో దాక్కుని ఉంది. మామిడి చుట్టూ తిరిగేసరికి మొదలుకు మెలి పడింది. మా ఆవిడ వరండాలోంచి అరవకపోతే బ్లేడు వైరు మీదికి వెళ్లేది. రెండోసారి ఆవిడే కోసింది. ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి దూరంగా జరుగుతూ, వైరును ఎప్పుడూ కోసిన పక్కనే ఉంచుతూ, భుజం మీదుగా కొంగులా వేసుకుని. ముందు రోజు రాళ్లు, పుల్లలు ఏరించింది. ఎత్తైన గడ్డిని ఒకేసారి నేల దాకా కోసేయకుండా మొదట బ్లేడు ఎత్తు పైమెట్టులో పెట్టి, మూడు రోజుల తరువాత కింది మెట్టులో పెట్టి కోసింది. మూడో వంతు కంటే ఎక్కువ ఒకసారి తీస్తే వేరు నీరసిస్తుందట.

జామ మొదలు చుట్టూ అడుగు మేర యంత్రం వెళ్లదు. అక్కడ నేనే పీట వేసుకుని కొడవలితో కోస్తున్నాను. ప్రహరీ గోడ వెంట రెండడుగుల పట్టీ కూడా ఎవరూ ముట్టుకోకూడదని అమ్మ ఆజ్ఞ. వినాయక చవితికి గరిక బజార్లో కొనే ప్రసక్తే లేదట.