నెల్లూరు ఎండల్లో డోనట్: ఇప్పటివరకు తేలినవి

బేకరీ డోనట్‌కు సరితూగేది ఇంట్లో చేయాలంటే, ముందు ఆ బేకరీ డోనట్‌నే పట్టిపట్టి చూడాలి. నడుం చుట్టూ తెల్లని పట్టీ ఉండాలి. పిండి సరిగ్గా పొంగి, నూనెలో సగం పైకి తేలుతూ వేగిందనడానికి అదే గుర్తు. నొక్కి వదిలితే మళ్ళీ పైకి లేవాలి. టిష్యూ కాగితం మీద పెట్టి తీస్తే నూనె మరక లేతగా ఉండాలి. పైపూత వేలికి అంటకుండా పలచగా పగలాలి. ఇవి లేనిదానికి పిస్తా పలుకులు, రంగు చల్లులు ఎన్ని వేసినా అది తీపి బన్ను కిందే లెక్క.

పన్నెండు డోనట్లకు ప్రస్తుతం నిలిచిన కొలత: మైదా 500 గ్రాములు, చక్కెర 60, ఉప్పు 8, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, వెన్న 60, గుడ్డు ఒకటి, పాలు 250 మి.లీ. గుడ్డు వద్దనుకుంటే ఇంకో 40 మి.లీ. పాలు, 10 గ్రాముల వెన్న చేర్చాలి. అప్పుడు రంగు కాస్త తగ్గుతుంది, రుచికి లోటుండదు.

అసలు పని పిండి వేడిని అదుపులో పెట్టడం. చాలా వంటకాల్లో ఈ కొలతకు 7 గ్రాముల ఈస్ట్, గోరువెచ్చని పాలు అంటారు. అది చల్లటి ఊళ్ళ లెక్క. రోహిణి కార్తెలో మన వంటగదే 35 డిగ్రీలు దాటి ఉంటుంది. అలా కలిపితే వెన్న కరిగి పిండి జారిపోతుంది, ఈస్ట్ హడావుడిగా పొంగించి పుల్లటి వాసన తెస్తుంది. కలిపాక పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. దానికి బేకరీలవాళ్ళ లెక్క ఒకటుంది: 26ని మూడుతో గుణిస్తే 78. అందులోంచి గది వేడి 35, మైదా వేడి 34, పిసికేటప్పుడు పుట్టే వేడికి ఓ 4 తీసేస్తే 5 మిగులుతుంది. అంటే పాలు 5 డిగ్రీలవి, ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే పోయాలి. మైదాను కూడా ముందురోజే ఫ్రిజ్‌లో పెడితే ఇంకా నిశ్చింత.

వెన్న తప్ప అన్నీ కలిపి పది నిమిషాలు పిసికాక, వెన్నను కొద్దికొద్దిగా చేర్చి ఇంకో ఎనిమిది నిమిషాలు పిసకాలి. చిన్న ముద్ద తీసి లాగితే చిరగకుండా పలచని పొరలా సాగాలి. అరగంట బయట ఉంచి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల ఈ నిదానం వల్లే రుచి వస్తుంది, పొద్దున ఒత్తడమూ తేలికవుతుంది.

12 మి.మీ. మందాన ఒత్తి, 8 సెం.మీ. కట్టర్‌తో నిటారుగా దించి తీయాలి. తిప్పితే అంచులు మూసుకుపోయి ఒకవైపే పొంగుతాయి. ఒక్కోదాన్ని ఒక్కో బటర్ పేపర్ ముక్క మీద పెట్టి, ఆ ముక్కతోనే నూనెలోకి జార్చాలి. చేత్తో ఎత్తితే గాలి పోతుంది. ఎండాకాలం 40 నిమిషాల్లోపే పొంగుతాయి, డిసెంబరులో గంట పైనే పడుతుంది. కాబట్టి గడియారం కంటే వేలిని నమ్మాలి. నొక్కిన గుంట మెల్లగా సగం పూడితే సిద్ధం. వెంటనే పూడితే ఇంకాసేపు ఆగాలి. గుంట అలాగే ఉండిపోతే పొంగు మించినట్టు, నూనెలో వేయగానే చప్పబడి ముడతలు పడి నూనె పీల్చేస్తుంది.

నూనె 175 నుంచి 180 డిగ్రీలు. థర్మామీటర్ కొనడం దండగ కాదు. ఒకేసారి మూడుకు మించి వేస్తే వేడి పడిపోతుంది. ఒక్కో వైపు 60 నుంచి 75 సెకన్లు చాలు. తవుడు నూనె వాసన లేకుండా బాగుంది. చెనక్కాయ నూనె గారెలకు మహారాజు గానీ ఇక్కడ దాని వాసనే పైకొస్తుంది. పెద్ద బేకరీలు చాలావరకు షార్టెనింగ్‌లో, అంటే డాల్డాలాంటి గట్టి కొవ్వులో, వేయిస్తాయి. చల్లారాక అది గడ్డకడుతుంది కనుక పైభాగం పొడిగా ఉండి పూత పట్టుకుంటుంది.

పూతకు పొదలకూరు నిమ్మ దొరికే మనం వేరే ఎసెన్సుల జోలికి పోనక్కర్లేదు. ఐసింగ్ షుగర్ 200 గ్రాములు, నిమ్మరసం 30 మి.లీ., వేడినీళ్ళు రెండు చెంచాలు, పైతొక్క తురుము చిటికెడు. తెల్లపొర తగిలితే చేదు. డోనట్ గోరువెచ్చగా ఉన్నప్పుడే ముంచాలి. మరీ వేడిగా ముంచితే పూత కారిపోతుంది, చల్లారాక ముంచితే మందంగా పేరుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మాత్రం చక్కెర పూత గాలిలోని తేమకు జిగటవుతుంది. ఆ నెలల్లో చాక్లెట్ పూతే మేలు.

మామిడి కాలంలో ఉలవపాడు బంగినపల్లి గుజ్జును చిక్కబడేదాకా ఉడికించి, పచ్చసొన వేసి కాచిన కస్టర్డ్‌లో కలిపి డోనట్ లోపల నింపితే పట్నం బేకరీల్లో కూడా దొరకని రుచి. కస్టర్డ్‌కు బుడగలు వచ్చాక ఇంకో నిమిషం ఉడకాల్సిందే, లేకపోతే పచ్చసొనలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొట్టి పలచన చేస్తుంది. డోనట్‌కు 25 గ్రాములు, తినే ముందే నింపాలి. ముందే నింపితే ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు, ఆ చలికి డోనట్ గట్టిపడుతుంది.

రెండోరోజు మెత్తదనం ఇంకా తేలలేదు. మొత్తం కొలతలోంచే 25 గ్రాముల మైదా, 125 మి.లీ. పాలు తీసి, 65 డిగ్రీల దాకా జావలా కాచి, పూర్తిగా చల్లార్చి కలిపే పద్ధతి ఇప్పుడు నడుస్తోంది. పొద్దున చేసినవి రాత్రికి మెత్తగానే ఉంటున్నాయి. జావను చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టకుండా కలిపితే మాత్రం పైన చెప్పిన 26 డిగ్రీల లెక్క తప్పుతుంది.