కారణం: కడుపునొప్పి

కోటుగాడు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు. "మన పదో తరగతి రీయూనియన్ సావనీరు ప్రెస్సుకు వెళ్లిపోతోంది, నీ పేజీ ఒక్కటే ఖాళీ, రాయకపోతే అక్కడ నీ స్కూల్ డే ఫొటో వేసేస్తా" అన్నాడు. ఏ ఫొటోనో మీకు చెప్పక్కర్లేదు. అందుకని రాస్తున్నాను.

వేపచెట్టు, హెడ్మాస్టారి బెత్తం, బావి దగ్గర జరిగిన సంగతి ఎలాగూ మన 'రేడియో' గాడు రాస్తాడు. నాకైతే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఏమైపోయాయో నిజంగా గుర్తులేదు. బడి అంటే నాకు మన లెక్కల మాస్టారు, చక్రవడ్డీ మాస్టారే. శనివారం మధ్యాహ్నం ఆయన బల్ల మీద నీలం రేకుపెట్టె, దాని వెనక ఖాతా పుస్తకం పట్టుకుని మన మేనేజరు, ఆ ఫోజూ. సంచయిక అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు, బడిలోనే పిల్లలు నడిపే పొదుపు బ్యాంకు, దానికి మేనేజరూ మనవాడే. పావలా వేసినా పాస్‌బుక్కులో రాసి సంతకం పెట్టాల్సిందే, డబ్బు తీయాలంటే ఫారంలో కారణం రాయాల్సిందే. నేను మ్యాట్నీకని చెప్పలేక "కడుపునొప్పి" అని రాయడం, "కడుపునొప్పికి రూపాయి పావలా ఎందుకురా, వాముకైతే పది పైసలు చాలు" అని మేనేజరు ఫారం తిప్పి కొట్టడం, ఆ తర్వాత రెండేళ్లు మీరంతా నన్ను ఏమని పిలిచారో నేను మర్చిపోలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది అప్పు నోట్ల సంగతి. పదో తరగతిలో, 1988 దసరా సెలవుల ముందు, మాస్టారు పుస్తకం మూసేసి "ఇంట్లో అప్పు కాయితం ఏదన్నా ఉంటే చూసి లెక్క రాసుకురండి, పేర్లు వద్దు" అన్నారు. సగం మంది ఖాళీ చేతులతో వచ్చారు, ఇద్దరు తన్నులు తిని వచ్చారు. నేను మా నాన్న ట్రంకుపెట్టెలోని ప్రోనోటు చూసి రాసుకొచ్చాను. అక్క పెళ్లికి ఎరువుల కొట్టు షావుకారు దగ్గర తెచ్చిన 4,000, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడేళ్లు కావస్తోంది. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, అంటే నోటు కోర్టులో చెల్లదు కాబట్టి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తారు. మాస్టారు బోర్డు మీద కట్టించారు. మొదటిసారి తిరగరాస్తే 6,880. రెండోసారి 11,833. మూడోసారి 20,353. అప్పటికి పోస్టాఫీసులో కొత్తగా వచ్చిన కిసాన్ వికాస్ పత్రంలో డబ్బు అయిదున్నరేళ్లకు రెట్టింపయ్యేది. "గవర్నమెంటు అయిదున్నరేళ్లకు రెండింతలు ఇస్తుంది, షావుకారు ఆరేళ్లకు మూడింతలు తీసుకుంటాడు, ఎవరు తెలివైనవాళ్లురా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు మా నాన్న బడికొచ్చాడు. "మాస్టారూ, పిల్లల చేత ఇంటి గుట్టు బోర్డు మీద రాయిస్తారా?" అని గట్టిగానే అరిచాడు. మీరంతా కిటికీల్లోంచి చూశారు. మాస్టారు బయటికొచ్చి ఒక్క మాట కూడా ఎదురు చెప్పకుండా, జేబులోంచి సుద్దముక్క తీసి నాన్న సైకిలు సీటు మీద ఆ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాశారు. "ఇంకో వారంలో నోటు తిరగరాస్తారు కదండీ, రాసే ముందు ఇది ఒక్కసారి చూసుకోండి" అన్నారు, అంతే, లోపలికి వెళ్లిపోయారు. మీరు చూడనిది ఆ తర్వాతది. రెండు కిలోమీటర్లు నాన్న సైకిలు ఎక్కలేదు, కూర్చుంటే అంకెలు చెరిగిపోతాయని నడిపించుకుంటూ వచ్చి అమ్మకు చూపించాడు. ఆ వారంలోనే పాడి గేదెను అమ్మేసి, పత్తి డబ్బుల్లో కొంత అడ్వాన్సు తెచ్చి కలిపి 6,880 కట్టేశాడు. షావుకారు 80 కూడా వదల్లేదు. ఏడాది పాటు మా ఇంట్లో మజ్జిగ లేదు, అమ్మ ఆ ఏడాదంతా మాస్టారి పేరెత్తితే మొహం తిప్పుకునేది.

తర్వాత డిప్లొమా, ఉద్యోగం, పెళ్లి, అవన్నీ మామూలే. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు 2006లో తీసుకున్న ఇరవై ఏళ్ల లోను పదమూడేళ్లకే తీర్చేశాను, బోనసు వచ్చినప్పుడల్లా అసల్లో కట్టడమే తప్ప అందులో గొప్పేమీ లేదు (కొంచెం ఉంది). అలాగని నేను బుద్ధిమంతుణ్ణీ కాదు. మా అపార్టుమెంటులో ఒకాయన రిజిస్ట్రేషన్ లేని చీటీ నడిపితే, ఆయన ఇంట్లో పూజకు పిలుస్తాడు కదా అని చేరి, లక్షా ఇరవై వేలు పోగొట్టుకున్నాను. మాస్టారు ఉంటే గోడ కుర్చీ వేయించేవారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా బావమరిది కొడుకు. పదిలో పదికి పది జీపీఏ, ఇంజనీరింగు. 2020లో ఫోన్‌లో ఏదో లోన్ యాప్ నుంచి అయిదు వేలు తీసుకున్నాడు. చేతికొచ్చింది 3,500, మిగతాది ఫీజట. వారంలో అయిదు వేలు కట్టాలి. కట్టలేకపోతే వాడి కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ మెసేజీలు, నాక్కూడా వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌ల మీద పోలీసు కేసులు వరసపెట్టి వచ్చాయి. వాణ్ణి కూర్చోబెట్టి చక్రవడ్డీ సూత్రం అడిగితే గడగడా చెప్పాడు. ఎనిమిదో తరగతి పుస్తకంలోనే ఉందట. మరి నువ్వు కట్టేది నూటికి ఎంతరా అంటే తెల్లమొహం వేశాడు. నేనే కాయితం తెచ్చి చూపించాను, వారానికి నూటికి దాదాపు 43 రూపాయలు. మన షావుకారు నెలకు రెండే తీసుకున్నాడు, పాపం. వాడికి లెక్కలు రాక కాదు, వాడి అప్పు పెట్టి లెక్క చేయించినవాళ్లు ఎవరూ లేరు. రేపు మనం బడికి వాటర్ ప్లాంటు ఇద్దామని గ్రూపులో కొట్టుకుంటున్నారు కదా, ఇవ్వండి, కానీ మనలో బ్యాంకుల్లో పనిచేసినవాళ్లు నలుగురున్నారు, నెలకో శనివారం వెళ్లి తొమ్మిదీ పదీ పిల్లల చేత ఇంటి లోను కాయితాలు చదివించగలరా? పేర్లు వద్దు. తండ్రులు వచ్చి అరిస్తే అరవనివ్వండి.

ఇక మేనేజరూ, నీతో చిన్న పని ఉంది. 1989లో సంచయిక ఖాతాలు మూసి అందరికీ డబ్బులిచ్చావు, నా రూపాయి పావలా మాత్రం "చిల్లర లేదు, రేపిస్తా" అన్నావు. ముప్పై ఆరేళ్లయింది. నూటికి రెండు చొప్పున, మూడేళ్లకోసారి తిరగరాస్తూ లెక్క కట్టాను, 838 రూపాయల ఒక పైసా వచ్చింది. ఆ పైసా వదిలేస్తున్నాను. మిగతాది రీయూనియన్ రోజు తెచ్చెయ్, ఫారంలో కారణం కూడా రాసిపెట్టుకున్నాను.