మిత్ర్ క్లినిక్ మూతపడ్డాక

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు ట్రాన్స్‌జెండర్ సిబ్బందితోనే నడిచింది. అమెరికా సంస్థ యూఎస్ఎయిడ్ నిధులు ఆగిపోవడంతో 2025 ఆరంభంలో అది మూతపడింది. హార్మోన్ చికిత్స తీసుకునే నాలాంటి ట్రాన్స్ మహిళలకు అదెంత నష్టమో బయటివారికి వెంటనే అర్థం కాకపోవచ్చు.

స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌తోపాటు, పురుష హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్ మందును వాడేవారు హార్మోన్ల స్థాయిలను, రక్తంలో పొటాషియంను తరచూ పరీక్ష చేయించుకుంటూ, వైద్యుల సలహాతోనే మోతాదు మార్చుకోవాలి. ఆ వైద్యం అందనప్పుడు మాలో కొందరు మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని, ఎవరో చెప్పిన లెక్కన మింగుతారు. వాటిలోని ఈస్ట్రోజన్‌ను ఎక్కువ మోతాదులో వాడితే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వారిని తప్పుపట్టడం నాకు చేతకాదు. నేను వెళ్లిన ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీ మీది పాత పేరును అందరి ముందూ గట్టిగా పిలిచినప్పుడు, లేచి నిలబడటానికి నా కాళ్లు సహకరించలేదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2019లోని 15వ సెక్షన్ హార్మోన్ చికిత్సను, శస్త్రచికిత్సను ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. 2022లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పథకం ఏటా 5 లక్షల రూపాయల బీమా ఇస్తామంది. అయితే ఆ బీమా కార్డు రావాలంటే ముందు ట్రాన్స్‌జెండర్ ధ్రువపత్రం కావాలి, ఇంటి నుంచి గెంటివేతకు గురైన మనిషికి దానికి కావలసిన కాగితాలు సమకూర్చుకోవడమే గగనం. ప్రతి జిల్లా బోధనాసుపత్రిలోనూ వారానికి ఒక్క రోజైనా మాకోసం ఓపీ నడపాలని అధికారులను కోరుతున్నాను.